ఓటు సరే, లెక్క ఎలా కడతారు?

సంపాదకులు గారికి నమస్కారం.

ఈమధ్య మీ ఉత్తరాల పేజీలో ఓటింగు గురించి చాలామంది రాస్తున్నారు. ఇంట్లోంచే ఫోన్‌లో ఓటు వేసే యాప్ వస్తే గొడవలన్నీ తీరిపోతాయని వారి ఆశ. యాప్ మీద నాకేమీ కోపం లేదు. నా మనవరాలు బీటెక్ కంప్యూటర్స్ చదువుతోంది, కరెంటు బిల్లు కూడా నా ఫోన్‌లోంచే కడుతుంది. కానీ ఓటు ఎలా వేయాలన్నదే అందరూ మాట్లాడుతున్నారు, వేసినదాన్ని ఎలా లెక్కకట్టాలన్నది ఎవరూ అడగడం లేదు. మొన్న మా వీధిలో ఆ ప్రశ్న నా నెత్తిన పడింది కాబట్టి రాస్తున్నాను.

నేను ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో ఉంటాను. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మాది 45 తెలుగు ఇళ్ల వీధి. ఇచ్ఛాపురం దాటి వచ్చే బస్సులో మీ పేపరు ఇక్కడికి చేరేసరికి మా కాఫీలు అయిపోతాయి, అయినా చదువుతాం. వీధి కమిటీకి నేను ట్రెజరర్‌ని. హాలు అద్దెలు, చందాలు అన్నీ కలిపి ఈ ఏడాదికి 90,000 రూపాయలు పోగయ్యాయి. దాంతో ఏం చేయాలన్నదానికి మూడు మాటలు వచ్చాయి. ఒకటి, ఉగాదికి శ్రీకాకుళం నుంచి బుర్రకథ దళాన్ని పిలిచి, భోజనాలు పెట్టి ఘనంగా చేయడం. ఎస్టిమేట్ 80,000. రెండు, గ్రంథాలయం గదికి కొత్త రేకుల కప్పు. 2013 అక్టోబర్ 12న గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన ఫైలిన్ తుపాను ఆ కప్పును ఎత్తుకుపోయింది. అప్పటినుంచి టార్పాలిన్ కింద నెట్టుకొస్తున్నాం. దీనికి 75,000. మూడు, వీధి బోరుకు కొత్త మోటారు, 40,500. ఏ రెండూ కలిపి సరిపోవు. ఒక్కటే తేల్చాలి.

ఫిబ్రవరిలో ప్రెసిడెంటు గారు వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు. ఇళ్లు 45, పడిన ఓట్లు 71. ఒకరు ఎన్నిటికైనా నొక్కే వీలును ఆయన తీసేయలేదు. నాలుగు ఫోన్లున్న ఇంటికి నాలుగు చేతులు. అప్పడాలు ఒత్తి అమ్ముకునే మామ్మకు ఫోనే లేదు, ఆవిడ ఓటు సున్నా. పైగా ఎవరు దేనికి నొక్కారో పేర్లతో సహా గ్రూపంతా చూస్తుంది. అత్తగారు బుర్రకథకు నొక్కిన ఇంట్లో కోడలు మోటారుకు నొక్కుతుందా? రాత్రి పదయ్యేసరికి ఇద్దరు గ్రూపులోంచి వెళ్లిపోయారు. పోల్ రద్దు చేశాం.

చీటీలు పెడదామన్నాను. ఇంటికొక చీటీ, మూడింటికీ 1, 2, 3 అని అంకెలు వేయాలి. (ఇంటికొక చీటీ అన్నదీ న్యాయం కాదని నాకు తెలుసు. చాలా ఇళ్లల్లో పెన్ను ఎవరి చేతిలో ఉంటుందో చెప్పక్కర్లేదు.) ఇక్కడ మీ ఆంధ్ర పాఠకులకు తట్టని చిక్కు ఒకటుంది. మా పిల్లలు, నలభై దాటిన పెద్దలు కూడా చాలామంది తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు. బడిలో నేర్చింది ఒడియా అక్షరాలు. అందుకని చీటీ మీద అక్షరాలు మానేసి మైకు, ఇల్లు, కుళాయి బొమ్మలు వేశాను. మన దేశం ఎన్నికల్లో పార్టీలకు గుర్తులెందుకు ఇచ్చిందో ఆ బొమ్మలు వేస్తుంటే బాగా తెలిసొచ్చింది. అయినా రెండు చీటీల్లో 9 అని వచ్చింది. ముగ్గురు పోటీలో తొమ్మిదో స్థానమేమిటని మనవరాలు తల పట్టుకుంది. ఒడియాలో రెండు అంకె చూడటానికి మన 9లాగే ఉంటుంది. ఆ సంగతి ఏ యాప్‌కి ఎవరు చెబుతారు?

రాత్రి భోజనాల బల్ల మీద చీటీలు పోసి విడదీశాం. తేలిన లెక్క ఇది. 18 ఇళ్లు ముందు పండుగ, తర్వాత మోటారు, ఆఖర్న కప్పు అన్నాయి. 15 ఇళ్లు ముందు కప్పు, తర్వాత మోటారు, ఆఖర్న పండుగ అన్నాయి. మిగతా 12 ముందు మోటారు, తర్వాత కప్పు, ఆఖర్న పండుగ.

ఎవరు గెలిచినట్టు? మనం అసెంబ్లీకి, పార్లమెంటుకు లెక్కకట్టినట్టు మొదటి అంకె మాత్రమే చూస్తే పండుగకు 18, కాబట్టి పండుగే. కానీ 45లో సగం దాటాలంటే 23 కావాలి. అన్నిటికన్నా తక్కువ వచ్చిన మోటారును తీసేసి, ఆ 12 చీటీల్లో రెండో అంకె చూసి పంచితే కప్పుకు 27, పండుగకు 18. కప్పు గెలిచింది. పోనీ ఇద్దరిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి చూద్దామంటే, మోటారు పండుగను 27-18తో, కప్పును 30-15తో ఓడించింది. మోటారు గెలిచింది. మొదటి స్థానానికి 2 మార్కులు, రెండో స్థానానికి 1, మూడో స్థానానికి సున్నా వేసినా మోటారే: మోటారుకు 57, కప్పుకు 42, పండుగకు 36.

ఒక్క చీటీ కూడా మారలేదు. లెక్కకట్టే దారిని బట్టి విజేత మారింది. ముప్పై ఏళ్లు బోర్డు మీద లెక్కలు చెప్పిన మనిషిని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా చీటీ ఆ 15లో ఒకటి మరి! నాకు కప్పే కావాలి. వానకు ఉబ్బిపోయిన పుస్తకాలను ఎండలో పెట్టి పెట్టి నా నడుం పడిపోయింది. తెల్లారి బోర్డు మీద 'రెండో విడత లెక్క ప్రకారం కప్పు' అని రాసేస్తే ఎవరూ వేలెత్తి చూపలేరు. ట్రెజరరు నేనే, లెక్కల టీచరూ నేనే. మనవరాలు నా ముఖం చూసి, "అమ్మమ్మా, చీటీలు వేయకముందే పద్ధతి రాసుకోవాల్సింది, ఇప్పుడు నువ్వు ఏది రాసినా నీ ఓటే అవుతుంది" అంది. చిన్నపిల్ల చేత అనిపించుకున్నాను.

మర్నాడు మూడు ఫలితాలూ బోర్డు మీద పెట్టాను. సాయంత్రం మీటింగులో కుర్చీలు కదిలాయి. "ఏటి టీచరమ్మా, గెలిసిందెవరో ఒక్క ముక్క సెప్పండి, మూడు ముక్కలెందుకు" అన్నారు బట్టల కొట్టు బావగారు. ఎక్కువ వచ్చింది పండుగకే కదా, ఈ లెక్కలన్నీ మీ కప్పు కోసం పుట్టించినవేగా అని ఇంకొకరు. ఆ మాట గుచ్చుకుంది. అప్పుడు రాష్ట్రపతి గిరి గారి కథ చెప్పాల్సి వచ్చింది.

వి.వి.గిరి గారు 1894లో పుట్టింది మా బరంపురంలోనే. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు, ఆయన ఎలా గెలిచారన్నదే ఎవరికీ గుర్తు లేదు. 1969 ఆగస్టులో రాష్ట్రపతి ఎన్నిక. బరిలో 15 మంది. అసలు పోటీ ఇద్దరు తెలుగువాళ్ల మధ్య, గిరి గారు, నీలం సంజీవరెడ్డి గారు. మూడో మనిషి సి.డి.దేశ్‌ముఖ్. మన రాజ్యాంగం రాష్ట్రపతి ఎన్నికకు బదిలీ ఓటు పద్ధతి పెట్టింది. ఓటర్లయిన ఎంపీలు, ఎమ్మెల్యేలు 1, 2, 3 అని వరుస రాస్తారు, ఒక్కో ఓటుకు ఇంత విలువని ఉంటుంది. మొదటి లెక్కలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. గెలవడానికి కావాల్సింది 4,18,169. గిరి గారు అందరికన్నా ముందున్నారు, కానీ గెలవలేదు! మిగతావారిని ఒక్కొక్కరినే తీసేస్తూ వారి చీటీల్లోని తర్వాతి అంకెలు పంచారు. ఆ పంపకంలో రెడ్డి గారికి 91,879 కలిస్తే, గిరి గారికి కలిసింది 18,562 మాత్రమే. చివరికి గిరి గారు 4,20,077, రెడ్డి గారు 4,05,427. గీత దాటింది 1,908 తేడాతో. 10,833 విలువైన ఓట్లు ఇద్దరికీ అందకుండా మధ్యలోనే రాలిపోయాయి. అవన్నీ రెడ్డి గారికి పడినా గిరి గారే ముందుండేవారు, లెక్క వేసి చూశాను. రెడ్డి గారు 1977లో పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు, అది వేరే కథ.

మీటింగులో పెద్దవాళ్లు కాసేపు మెత్తబడ్డారు. నేను పుట్టించిన లెక్క కాదని ఒప్పుకున్నారు.

నిజానికి ఈ తగువు 250 ఏళ్ల నాటిది. మార్కులు వేసే పద్ధతిని ఫ్రెంచి నౌకాదళంలో పనిచేసిన బోర్డా 1770లో పారిస్‌లోని సైన్సు అకాడమీ ముందు పెట్టాడు. ఇద్దరిద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టాలన్నది ఫ్రెంచి గణితవేత్త కాండోర్సే వాదం, 1785లో రాశాడు. ఆయనే ఇంకో చిక్కు కూడా చూపించాడు. ఒక్కోసారి మొదటిది రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని, మూడోది మళ్లీ మొదటిదాన్ని ఓడించి గుండ్రంగా తిరుగుతాయి. మా వీధి అదృష్టం, అలా జరగలేదు. 1951లో కెన్నెత్ ఆరో అనే ఆర్థికవేత్త, మూడు అంతకుమించి దారులున్నప్పుడు మనం సహజంగా కోరుకునే న్యాయాలన్నీ ఒకేసారి పాటించే వరుస పద్ధతి ఉండదని రుజువు చేశాడు. చిక్కంతా మూడో దారి వచ్చాకే. అవునా కాదా అన్న ప్రశ్నకు ఇంత తలనొప్పి ఉండదు. మా ఒడిశాలోనే రాయగడ, కలహండి జిల్లాల్లో 2013లో సుప్రీంకోర్టు చెప్పినట్టు నియమగిరి కొండ మీద గనుల గురించి 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. అక్కడ బోర్డా అక్కర్లేదు, కాండోర్సే అక్కర్లేదు.

మా మీటింగుకు మళ్లీ వస్తాను. టైలరు తమ్ముడు ఒక మూల కూర్చుని కాగితం మీద ఏదో గీస్తున్నాడు. లేచి, "మార్కుల పద్ధతని ముందే చెప్పుంటే మా పండగోళ్లం మోటారును ఆఖరికి తోసేసేవాళ్లం, అప్పుడు పండగే గెలిచేది" అన్నాడు. సరే, అలాగే చేసి చూద్దామన్నాను. 18 ఇళ్లూ మోటారును మూడో స్థానానికి తోసి, కప్పును రెండుకు ఎక్కించాయి అనుకుందాం. మోటారు 39కి పడింది. పండుగ అదే 36. కప్పు 60! వాళ్లకు అన్నిటికన్నా ఇష్టం లేని కప్పును వాళ్ల చేతులతో వాళ్లే గెలిపించేవారు. నాకు నవ్వాగలేదు. అంతలో మనవరాలు, "పండుగవాళ్లు ఊరుకుని, మీ కప్పువాళ్లు మోటారును ఆఖరికి తోసుంటే పండుగ గెలిచేది అమ్మమ్మా" అంది. లెక్క చూస్తే నిజమే, పండుగకు 51, మిగతా రెంటికీ 42. నోరు మూసుకున్నాను.

ఇలాంటి ఎత్తులకు అసలు లొంగని పద్ధతి ఉందా? మూడు దారులు ఉన్నాక, ఒక్కరి మాటే చెల్లుబాటయ్యే నియంత పద్ధతి తప్ప ఏదీ లేదని గిబ్బార్డ్ 1973లో, సాటర్‌త్‌వెయిట్ 1975లో విడివిడిగా తేల్చారు. అప్పుడు కంప్యూటర్ల వాళ్లు దిగారు. 1989లో బార్తోల్డి, టోవీ, ట్రిక్ అనే ముగ్గురు వేరే ప్రశ్న వేశారు. మోసం సాధ్యమే, కానీ ఎలా మోసం చేయాలో కనిపెట్టడానికి ఎంత లెక్క వేయాలి? అభ్యర్థులు పెరిగేకొద్దీ ఆ లెక్క కంప్యూటర్‌కే ఊపిరాడనంత పెరిగే పద్ధతులున్నాయని చూపించారు. తాళం పగలదని కాదు, పగలగొట్టేవాడు అలిసిపోతాడని. రాష్ట్రపతి ఎన్నికలో వాడే బదిలీ ఓటు కూడా అలాంటిదేనని 1991లో బార్తోల్డి, ఓర్లిన్ చూపించారు. అయితే ఎప్పుడో ఒకసారి చాలా కష్టమవుతుందంటే ప్రతిసారీ కష్టమని కాదు. మూడే పేర్లున్న మా వీధిలో టైలరు తమ్ముడికి అర కాగితం సరిపోయింది.

అదే కష్టం ఎదురు తిరగడమూ ఉంది. పిల్లల కథలు రాసిన లూయిస్ కారోల్ అసలు పేరు డాడ్జ్‌సన్, ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల మాస్టారు. ఎదురెదురు పోటీల్లో అందర్నీ ఓడించిన మనిషి లేనప్పుడు, ఓటర్ల వరుసల్లో పక్కపక్క స్థానాలు అతి తక్కువ సార్లు మారిస్తే ఎవరు అలా గెలుస్తారో వారే విజేత అన్నది 1876లో ఆయన రాసిన పద్ధతి. వినడానికి బాగుంది. అభ్యర్థులు పెరిగితే విజేత ఎవరో తేల్చడమే కంప్యూటర్‌కు కష్టమైన లెక్క అని ఆ ముగ్గురే 1989లో రుజువు చేశారు. ఎంత పెద్ద లెక్కో ఊహకు ఒకటి చెబుతాను. 1969 నాటి 15 మంది పేర్లను ఎన్ని వరుసల్లో రాయొచ్చు? లక్షా ముప్పై వేల కోట్లకు పైగా. అన్ని వరుసలూ చూసి ఓటర్ల మాటకు అన్నిటికన్నా దగ్గరున్నది తీసుకోవాలనే పద్ధతులు కూడా ఉన్నాయి. కంప్యూటర్లు అడ్డదారులు వెతికి చాలాసార్లు తేలుస్తాయి. కానీ అప్పడాల మామ్మ ముందు ఆ లెక్క ఎలా వేసి చూపించను? ఓడిపోయినవాడు కూర్చుని మళ్లీ లెక్కపెట్టుకోలేని పద్ధతి వీధి కమిటీకి పనికిరాదన్నది నా అభిప్రాయం. మనవరాలు ఒప్పుకోదు. ప్రోగ్రాం అందరికీ ఇచ్చేస్తే ఎవరికి కావాలంటే వారు నడిపి చూసుకోవచ్చంటుంది. ఎవరికి నడపడం వచ్చమ్మా అంటాను. ఆ వాదన ఇంకా తెగలేదు.

దారి చూపించింది మాత్రం తనే. ఒక్కటే గెలవాలని ఎవరన్నారు అని అడిగింది. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రె ఊళ్లో 1989 నుంచి మునిసిపాలిటీ ఖర్చును జనమే కూర్చుని తేల్చుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు అలాంటి చోట్ల వాడటానికి పీటర్స్, స్కోవ్రోన్ అనే పరిశోధకులు సమాన వాటాల పద్ధతి కట్టారు. పోలండ్‌లోని వీలిచ్కా, స్విట్జర్లాండ్‌లోని ఆరౌ ఊళ్లు 2023లో దాంతోనే డబ్బు పంచుకున్నాయి. ఉన్న డబ్బును ఓటర్లందరికీ సమానంగా పంచినట్టు అనుకుంటాం. ఒక పనిని మెచ్చినవాళ్లు తమ వాటాల్లోంచి దాని ఖర్చు పెట్టుకోగలిగితే ఆ పని జరుగుతుంది. మనిషికి తక్కువ పడే పని ముందు.

మా 90,000ను 45తో భాగిస్తే ఇంటికి 2,000. ఏ చీటీలోనూ మోటారు మూడో స్థానంలో లేదు, కాబట్టి అది అందరికీ సమ్మతమే. 40,500కు ఇంటికి 900 పోయింది. మిగిలింది ఇంటికి 1,100. పండుగ కావాలన్న 18 ఇళ్ల వాటా 19,800. కప్పును ఒకటో రెండో స్థానంలో పెట్టిన 27 ఇళ్ల వాటా 29,700. అసలు పద్ధతిలో ఖర్చుకు వాటాలు సరిపోని పని ఆగిపోవాలి. మేం దాన్ని కొంచెం వంచి, పనినే డబ్బుకు తగ్గట్టు కుదించుకున్నాం. మొత్తం సరిగ్గా 90,000కు కూడింది, పైసా మిగల్లేదు. ఈ లెక్క బోర్డు మీద సుద్దముక్కతో వేశాను, రెండు భాగహారాలు, ఒక తీసివేత, రెండు గుణకారాలు. ఏడో తరగతి కుర్రాడు సరిచూశాడు. తీర్మానం మినిట్స్ పుస్తకంలో ఎక్కింది. వచ్చే ఏడాది నుంచి చీటీలు పంచేముందే లెక్క పద్ధతి బోర్డు మీద రాయాలని కూడా ఎక్కింది.

అందరూ సంతోషపడ్డారని రాయను. బుర్రకథ దళం రాలేదు, మైకు పెట్టి పిల్లల చేత పద్యాలు చదివించి పులిహోర పంచారు. బావగారు ఉగాది రోజున నాతో మాట్లాడలేదు.

సంపాదకులు గారూ, మీకు ఒక విన్నపం. 2027లో మళ్లీ రాష్ట్రపతి ఎన్నిక వస్తుంది. ఎవరు గెలిచారన్న వార్తతో సరిపెట్టకుండా, ఓట్లు ఎలా లెక్కకట్టారో పట్టిక వేసి అర పేజీ ఇవ్వండి. మొన్న 2022 ఎన్నికలో ఇచ్ఛాపురం ఎమ్మెల్యే ఓటు విలువ 159, పాతిక కిలోమీటర్లు ఇవతల మా బరంపురం ఎమ్మెల్యేది 149. ఆ తేడా 1971 జనాభా లెక్కల నుంచి వచ్చింది. ఇలాంటివి మీరు వేస్తే మా పిల్లలకు నేను చదివి వినిపిస్తాను, వాళ్లు ఒడియాలో రాసుకుంటారు. యాప్ కావాలంటున్న పాఠకులను కూడా ఒక్కటి అడగండి: మీ యాప్ ఆ 45 చీటీలు చూస్తే ఏది గెలిచిందంటుంది?

ఆ చీటీలు పారేయలేదు. మామ్మ ఇచ్చిన అప్పడాల డబ్బాలో పెట్టి, గ్రంథాలయంలో బీరువా మీద ఉంచాను. కొత్త రేకులు పడిన సగంలోనే ఉంది బీరువా. ఎవరికైనా అనుమానం వస్తే వచ్చి లెక్కపెట్టుకోవచ్చు, సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా తలుపు తీసే ఉంటుంది. 9 అని ఉన్న రెంటినీ 2గా చదువుకోవాలి.

ఇట్లు,
మీ పాఠకురాలు, రిటైర్డ్ లెక్కల టీచరు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా